శ్రుతి దిగితే బరువు: హెవీ మెటల్ గిటారు చరిత్రలో ఒక అధ్యాయం

1859లో ఫ్రెంచి ప్రభుత్వం సంగీతశ్రుతిపై ఒక ఉత్తర్వు జారీ చేసింది. మధ్యస్థాయి ‘ఎ’ స్వరం ఇకపై సెకనుకు 435 కంపనాలకు మించరాదని ఆ ఉత్తర్వు సారాంశం. దాని వెనుక బెర్లియోజ్, రోసీనీ వంటి స్వరకర్తలు, లిసాజూ వంటి భౌతికశాస్త్రజ్ఞులు కూర్చున్న ఒక సంఘం ఉంది. యూరప్ ఒపెరా మందిరాల్లో శ్రుతి ఏళ్ల తరబడి పైపైకి పాకుతూ వచ్చింది. తీగ బిగిస్తే నాదానికి మెరుపు వస్తుంది. ఒక నగరపు వాద్యబృందానికి మెరుపు వస్తే పక్క నగరం ఊరుకోదు. ఈ పోటీలో నలిగిపోయినది గాయకుల గొంతులు. ఆ పరుగుకు పగ్గం వెయ్యడానికే ఆ ఉత్తర్వు. 440 అనే నేటి అంతర్జాతీయ ప్రమాణం 1939 నాటి లండన్ సమావేశంలో కుదిరింది.

సరిగ్గా 112 ఏళ్ల తర్వాత, 1971లో, అదే యూరప్‌లో నలుగురు కుర్రవాళ్లు తమ వాద్యాల శ్రుతిని పైకి కాక కిందికి దించి ఒక రికార్డు చేశారు. ఒపెరా బృందాలకు కావలసింది మెరుపు అయితే వీరికి కావలసింది బరువు. ఆ తర్వాతి యాభై ఏళ్లలో గిటారు శ్రుతి కిందికి జరిగిన దూరం, పంతొమ్మిదో శతాబ్దంలో ఒపెరా శ్రుతి పైకి పాకిన దూరం కంటే చాలా ఎక్కువ. ఈసారి అడ్డుపడడానికి ఏ ప్రభుత్వమూ ముందుకు రాలేదు. గాయకులకూ దీనివల్ల మేలే గాని కీడు కలగలేదు.

తగ్గు స్వరాన్ని బరువైనదనడం ఈ వాయిద్యకారులు కనిపెట్టిన ఉపమానం కాదు. ప్రాచీన గ్రీకులు స్వరాలను ‘ఎక్కువ, తక్కువ’ అనలేదు. హెచ్చు స్వరాన్ని ‘ఓక్సుస్’ అన్నారు, అంటే వాడియైనది. తగ్గు స్వరాన్ని ‘బరుస్’ అన్నారు, అంటే బరువైనది. లాటిన్‌వారి ‘గ్రావిస్’ కూడా ఆ అర్థమే. ‘బారిటోన్’ అన్న పేరు ఆ గ్రీకు ధాతువు నుండే వచ్చింది. తగ్గు శ్రుతి కోసం పొడవు పెంచి చేసే గిటారును నేడు బారిటోన్ గిటారు అంటున్నారంటే, తెలిసో తెలియకో దాన్ని ‘బరువు నాదపు గిటారు’ అంటున్నట్లే. మన నాట్యశాస్త్రం ఈ తేడాను తూకంతో కాక శరీరంతో కొలిచింది: మంద్రం ఉరస్సు నుండి, మధ్యం కంఠం నుండి, తారం శిరస్సు నుండి. హెవీ మెటల్ కచేరీలో ముందు వరుసన నిలబడి, ధ్వనిని చెవికన్నా ముందు రొమ్ముతో విన్నవారికి భరతుని వర్గీకరణలోని ఔచిత్యం వేరే చెప్పనక్కరలేదు.

తీగ లెక్క

మెర్సెన్ అనే ఫ్రెంచి మతాచార్యుడు 1636లో తీగల కంపన సూత్రాలను ప్రకటించాడు. తీగ పొడవు పెరిగితే శ్రుతి ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. బిగువు పెరిగితే దాని వర్గమూలం చొప్పున హెచ్చుతుంది. తీగ బరువు పెరిగితే దాని వర్గమూలం చొప్పున తగ్గుతుంది. కనుక శ్రుతి దించదలచినవాడికి మూడే మార్గాలు: తీగను పొడుగు చెయ్యడం, సడలించడం, లావు చెయ్యడం. మన నాగస్వర విద్వాంసులకు వీటిలో మొదటిదొక్కటే అందుబాటులో ఉంది, వారి వాద్యానికి తీగ లేదు గనుక. టి. ఎన్. రాజరత్నం పిళ్లై పొట్టి ‘తిమిరి’ని కాదని పొడుగాటి ‘బారి’ నాగస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చి శ్రుతిని దించారు. ఆలయ వీథిలో దూరానికి వినిపించడమే ప్రధానమైన వాద్యం, కచేరీ వేదిక మీద రాగాలాపనకు అనువైన గాంభీర్యాన్ని ఆ విధంగా సంపాదించింది. గిటారు కథలో మాత్రం మొదట వచ్చింది రెండో మార్గం, సడలించడం.

మామూలు శ్రుతిలో గిటారు ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుది, ‘ఇ’ స్వరం పలుకుతుంది, సెకనుకు 82.4 కంపనాలు. బిరడను వెనక్కి తిప్పి దాన్ని మూడు అరస్వరాలు దించితే ‘సి షార్ప్’కు చేరుతుంది, 69.3 కంపనాలు. వినడానికి ఇది చిన్న మార్పే. మెర్సెన్ సూత్రంలో పెట్టి చూస్తే మాత్రం తీగ బిగువు దాదాపు 29 శాతం పడిపోతుంది. ఒక్క అరస్వరానికే 11 శాతం. ఇంత సడలిన తీగ వేలికి మెత్తగా తగులుతుంది, పక్కకు లాగితే సులువుగా సాగుతుంది. దాని చిక్కులూ దానికి ఉన్నాయి. గట్టిగా మీటితే మెట్లకు తగిలి గరగరమంటుంది. మీటిన క్షణంలో శ్రుతి కొంచెం పైకి ఎగిరి ఆ తర్వాత కుదుటపడుతుంది. ఎగిరి దిగే ఆ ఊగునే కొందరు వాయిద్యకారులు లోపమనుకోక రుచిగా భావించారు.

బర్మింగ్‌హామ్ వేళ్లు

టోనీ అయోమీ 1948లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో పుట్టాడు. ఎడమచేతివాటం, అందువల్ల తీగలను మెట్లపై నొక్కేది కుడిచేయి. పదిహేడేళ్ల వయసులో ఒక రేకుల కర్మాగారంలో పని. యూరప్ పర్యటనకు వెళ్లే ఒక సంగీతబృందంలో చోటు దొరకడంతో ఉద్యోగం మానుకున్నాడు. అది చివరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చినవాడు తిరిగి వెళ్లనన్నాడు; పని సగంలో వదలకూడదని తల్లి మందలించి పంపింది. ఆ పూట యంత్రం నడపవలసిన మనిషి రాకపోవడంతో అలవాటు లేని ఆ పని ఇతని మీద పడింది. యంత్రం దిగి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి.

ఇక గిటారు మాట మరిచిపొమ్మని వైద్యులు చెప్పారు. కర్మాగారపు ఫోర్‌మన్ ఒకాయన ఇంటికి వచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు ఒకటి వినిపించాడు. విన్నాక, ఆ వాయించేవాడి ఎడమచేతిలో రెండు వేళ్లు 1928లో బండి ఇంట్లో చెలరేగిన మంటల్లో కాలి పనికిరాకుండా పోయాయని చెప్పాడు. ఆ రికార్డు మందుగా పనిచేసింది. అయోమీ గిన్నెలు తోమే ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి ముద్ద చేసి, దానికి రంధ్రం చేసి, వేలికి సరిపోయేదాకా గీకి రెండు తొడుగులు తయారు చేసుకున్నాడు. తీగ జారకుండా పాత కోటు నుండి కత్తిరించిన తోలుముక్క అంటించాడు. ఈ తొడుగులకు స్పర్శ లేదు. తీగను ఎంత గట్టిగా నొక్కుతున్నదీ చెవితోనే తెలుసుకోవాలి. మామూలు తీగలు వాటికి మరీ బిగువు. పలుచని గిటారు తీగలు అంగళ్లలో సులభంగా దొరకని రోజులవి. బాంజో తీగలు తెచ్చి గిటారుకు ఎక్కించుకున్నాడు.

ఇంతవరకు కథ అందరికీ తెలిసినదే. దీని వెంట అతికించే ముగింపు కూడా ప్రసిద్ధమే: వేళ్లు తెగాయి కనుక తీగలు సడలించాడు, తీగలు సడలించాడు కనుక హెవీ మెటల్ పుట్టింది. వినడానికి చక్కగా ఉన్న ఈ కార్యకారణ సంబంధం తేదీల దగ్గర తడబడుతుంది. ప్రమాదం జరిగింది 1965 ప్రాంతంలో. బ్లాక్ సబాత్ బృందం తొలి ఆల్బమ్ వెలువడినది 1970 ఫిబ్రవరి 13న. రెండోది, ‘పారనాయిడ్’, ఆ ఏడాది సెప్టెంబరులో. ఈ రెండు రికార్డుల్లోనూ గిటారు ఉన్నది మామూలు ‘ఇ’ శ్రుతిలోనే. ‘ఐరన్ మ్యాన్’, ‘వార్ పిగ్స్’ వంటి పాటలు, హెవీ మెటల్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి, సడలించని తీగల మీద పుట్టినవి. శ్రుతి దిగింది మూడో ఆల్బమ్‌లో, 1971 జులైలో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో. ‘చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్’, ‘ఇన్‌టు ద వాయిడ్’ వంటి పాటల్లో ‘ఇ’ దిగి ‘సి షార్ప్’ అయింది; గీజర్ బట్లర్ కూడా బేస్ గిటారును అందుకు తగ్గట్టు దించాడు.

అంటే గాయానికీ సడలింపుకూ నడుమ ఆరేళ్ల దూరం ఉంది. ఆ ఆరేళ్లు పలుచని తీగలతో గడిచాయి. నొప్పి ఒక్కటే కారణమైతే 1966లోనే శ్రుతి దిగి ఉండవలసింది. ఇక తొలి ఆల్బమ్‌లో ఆ బృందం పేరే పెట్టుకున్న పాట బరువును సంపాదించింది శ్రుతితో కాదు. దాని పల్లవి వాద్యఖండంలో ఉన్నవి మూడే స్వరాలు: షడ్జం, పైస్థాయి షడ్జం, అక్కడి నుండి ప్రతిమధ్యమానికి ఒక దిగుడు. ఆ ప్రతిమధ్యమం మీద ఆగి, రాగం ఏదో తేలనివ్వకుండా, అతి నెమ్మదిగా కంపింపజేస్తాడు. హోల్స్ట్ అనే ఆంగ్ల స్వరకర్త కుజగ్రహం పేర రాసిన వాద్యరచనను బట్లర్ తరచు వాయించేవాడని, ఈ పోకడ అక్కడి నుండి పుట్టిందని బృందం వారే చెప్పారు. బరువుకు మొదటి ముడిసరుకు నెమ్మదితనం, అంతరం, నిశ్శబ్దం. సడలిన తీగ వాటికి తర్వాత జత కలిసింది.

అయితే గాయం ప్రసక్తి లేదనడం కూడా పొరపాటే. తన వేళ్లకు సుఖంగా ఉండడమూ, నాదం పెద్దదిగా వినబడడమూ, రెండూ కలిసొచ్చాయని అయోమీ అనేకసార్లు చెప్పాడు. 1971 నాటికి ఆ బృందం దాదాపు విరామం లేకుండా పర్యటనల్లో ఉంది. రాత్రి తర్వాత రాత్రి ప్లాస్టిక్ తొడుగులతో తీగలు లాగవలసిన మనిషికి 29 శాతం బిగువు తగ్గడం చిన్న ఊరట కాదు. గాయం అతడిని సడలిన తీగ దగ్గరికి నడిపించింది. అక్కడ విన్నదాన్ని నచ్చుకుని నిలిచిపోవడం చెవి చేసిన నిర్ణయం. ఈ రెంటినీ వేరు చెయ్యకపోతే ఒక కళాకారుడి వివేకమంతా ఒక యంత్రపు ఖాతాలో పడుతుంది.

ముందు సడలించినవారు

తీగలు సడలించడం అయోమీతో మొదలైనదేమీ కాదు. హవాయి దీవులకు 1830ల్లో మెక్సికో పశువుల కాపరులతో గిటారు చేరినప్పటి నుండి అక్కడివారు తమ సొంత శ్రుతులు కల్పించుకున్నారు. ఆ సంప్రదాయం పేరు ‘కీ హో ఆలు’, అంటే శ్రుతి సడలించడమనే అర్థం. అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి గాయకుడు లెడ్‌బెల్లీ పన్నెండు తీగల స్టెల్లా గిటారును మామూలు శ్రుతికన్నా బాగా కిందికి దించి వాయించాడు. పన్నెండు తీగల లాగుడుకు చెక్కపెట్టె తట్టుకోవడం కష్టం గనుక అది వాద్యానికి ఆయుష్షు కూడా. జిమీ హెండ్రిక్స్ 1967 నుండి తరచు అరస్వరం దించి వాయించేవాడు. గొంతుకూ, తీగ లాగడానికీ అనుకూలం.

వీరెవరి నాదాన్నీ ‘హెవీ’ అనలేదు. హెండ్రిక్స్‌ను అన్నా, శ్రుతిని చూసి కాదు. కారణం సులభమే. తగ్గు స్వరం తనంతట తాను బరువుగా వినబడదు. దానికి డిస్టార్షన్ తోడు కావాలి.

ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే ధ్వనితరంగపు శిఖరాలు తెగిపోతాయి. 1964లో కింక్స్ బృందపు డేవ్ డేవీస్ స్పీకరు కాగితాన్నే బ్లేడుతో చీల్చి ఆ గరుకుదనం రాబట్టాడు. అలా తెగిన తరంగంలో మూలస్వరం ఒక్కటే మిగలదు. దాని అనుస్వరాలు గుంపుగా పుట్టుకొస్తాయి. రెండు స్వరాలు కలిపి పంపితే ఇంకో చిత్రం జరుగుతుంది: ఆ రెండింటి భేదానికి సమానమైన మూడో స్వరం, ఎవరూ మీటనిది, ఆంప్లిఫయర్‌లోనే తయారవుతుంది. గిటారు వాయిద్యకారులు ‘పవర్ కార్డ్’ అనేది షడ్జపంచమాల జత, 2:3 నిష్పత్తి. 82.4కు పంచమం 123.6. భేదం 41.2, అంటే షడ్జానికి సరిగ్గా ఒక స్థాయి కింద. ఇక్కడే ఉంది కిటుకు. షడ్జం, గాంధారం కలిపితే ఆ భేదస్వరాలు కొట్టుకుంటాయి, బురద అవుతుంది. షడ్జపంచమాలు కలిపితే కింద మరో అంతస్తు లేస్తుంది. ఆ జతను ‘సి షార్ప్’కు దించితే ఆ కింది అంతస్తు 34.6 దగ్గర ఉంటుంది.

గిటారు స్పీకర్లు అంత తక్కువ కంపనాలను సరిగా పలకలేవు. అయినా చెవి వింటుంది. మూలస్వరాన్ని తీసేసి దాని అనుస్వరాల వరుసను మాత్రమే వినిపించినా మనసు ఆ మూలస్వరాన్నే వింటుందని జర్మనీలో ఔగుస్ట్ సీబెక్ 1840లలోనే సైరన్ ప్రయోగాలతో చూపాడు. దానిపై ఓమ్ శాస్త్రజ్ఞుడితో పెద్ద వాదమే నడిచింది. చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలో మృదంగపు తొప్పి వినబడడం ఈ ధర్మం వల్లనే.

మన సంగీతం తెలిసినవారికి ఇక్కడ పరిచితమైనది ఒకటి తగులుతుంది. కర్ణాటక సంగీతంలో ‘సి షార్ప్’ అంటే ఒకటిన్నర శ్రుతి; పురుష గాయకులు ఎందరో పాడే శ్రుతి. ఆ శ్రుతికి కుదిర్చిన తంబురలో చివరి మంద్రషడ్జపు తీగ పలికేది 69 కంపనాల దగ్గరే, అంటే ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో అయోమీ ఆరో తీగ ఉన్న చోటే. పోలిక సంఖ్యతో ఆగదు. తంబుర గుర్రం మీద తీగ కింద దారపు పోగు సర్ది ‘జీవాళి’ పట్టడం ఎందుకు? తీగ ఆ వాలు తలాన్ని ఒరుసుకుంటూ అనుస్వరాలను వెదజల్లడానికి. జీవాళి తీసేస్తే మంద్రషడ్జం మొద్దుబారి, గదిలో మూడో వరుసకు కూడా చేరదు. బర్మింగ్‌హామ్ వారు మన తంబురను చూసి నేర్చుకున్నారని దీని అర్థం కాదు. తగ్గు తీగకు అనుస్వరాల అండ లేకపోతే నిలబడలేదన్న సంగతిని ఇద్దరూ వేర్వేరు దారుల్లో, ఒకరు దారంతో, ఒకరు వాల్వులతో పరిష్కరించుకున్నారు.

లావు తీగల తరం

1970లంతా అయోమీ బాట ఎక్కువమంది తొక్కలేదు. ఎనభైల చివర దాన్ని అందుకున్నవారు మరింత లోతుకు వెళ్లారు. లివర్‌పూల్ ప్రాంతపు కార్కస్ బృందం 1988లో తొలి ఆల్బమ్ నాటికే ‘బి’ శ్రుతిలో ఉంది, 61.7 కంపనాలు. కాలిఫోర్నియా ఎడారి నుండి వచ్చిన కయస్ బృందం ‘సి’కి దించి, గిటారును బేస్ గిటారు ఆంప్లిఫయర్లలోకి పంపింది, 1992 నాటి వారి ‘బ్లూస్ ఫర్ ద రెడ్ సన్’ ధ్వని అలా పుట్టినదే. న్యూయార్క్ హెల్మెట్, సియాటిల్ సౌండ్‌గార్డెన్ వంటివి ఆరో తీగను మాత్రమే ‘డి’కి దించే పద్ధతిని విస్తారంగా వాడాయి. ఇది శాస్త్రీయ గిటారులో ఎప్పటినుండో ఉన్నదే. కాని అలా దించితే షడ్జపంచమాల జతను ఒక్క వేలితో నొక్కవచ్చు. వేలు ఒకటైతే వేగం రెట్టింపు. తొంభైలనాటి పాటల్లో ఆ తెగని, దూకుడైన లయలు చాలామట్టుకు ఈ వేలి సౌకర్యం నుండి వచ్చినవే.

1990లో ఐబనీజ్ సంస్థ స్టీవ్ వాయ్ కోసం రూపొందించిన ఏడు తీగల గిటారును విపణిలోకి తెచ్చింది. వాయ్‌కి అది విస్తారమైన స్వరపరిధి ఇచ్చే వాద్యం. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ కుర్రవాళ్లు, కార్న్ బృందం, అదే గిటారును మరో స్వరం దించి, ఏడో తీగను ‘ఎ’కు, 55 కంపనాలకు తెచ్చి 1994లో తమ తొలి ఆల్బమ్ చేశారు. వాయ్ ఎక్కడానికి వాడిన మెట్లను వీరు దిగడానికి వాడారు. ఇందులో ఒక చమత్కారం ఉంది: జార్జ్ వాన్ ఎప్స్ అనే జాజ్ విద్వాంసుడు 1930ల చివర్లోనే ఏడో తీగ చేర్పించి దాన్ని ‘ఎ’కే కుదుర్చుకున్నాడు. అదే తీగ, అదే స్వరం. ఆయన దానితో మృదువైన బేస్ నడకలు అల్లాడు. యాభై ఏళ్ల తర్వాత ఆ స్వరం ఒక తరం కోపాన్ని మోసింది. స్వరం ఏ భావాన్నీ పుట్టుకతో తెచ్చుకోదనడానికి ఇంతకన్నా సాక్ష్యం వెతకనక్కరలేదు.

స్వీడన్ దేశపు మెషుగా బృందం మరో అడుగు వేసింది. 2002లో ‘నథింగ్’ ఆల్బమ్ కోసం ఎనిమిది తీగల గిటార్లు చేయించుకున్నారు గాని, అవి వేళకు సిద్ధం కాలేదు. ఏడు తీగల వాటినే దారుణంగా సడలించి రికార్డు చేశారు. తీగలు శ్రుతిలో నిలవక పడిన అవస్థ వారిని వదలలేదు కాబోలు, 2006లో ఎనిమిది తీగల గిటార్లతో ఆ భాగాలను మళ్లీ వాయించి ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేశారు. ఎనిమిదో తీగకు మామూలు స్వరం ‘ఎఫ్ షార్ప్’, 46 కంపనాలు. వారు దాన్ని అరస్వరం దించుతారు. బేస్ గిటారు చివరి తీగ పలికేది 41. రెండు వాద్యాల నడుమ సరిహద్దు దాదాపు చెరిగిపోయింది.

ఈ తరం అయోమీ బాట పట్టిందన్నది పైకి కనిపించే నిజం. పనిముట్లు చూస్తే కథ తిరగబడుతుంది. ‘ఇ’ నుండి ‘బి’కి దించితే తీగ బిగువు 44 శాతం పోతుంది. ఎనభైల చివరినుండి వాయించే వేగానికి, అరచేతి అంచుతో తీగను అణచి కొట్టే ఆ తెగవేటు దెబ్బలకు ఇంత సడలింపు పనికిరాదు. తీగ తిరిగి నిలబడేలోగా తర్వాతి దెబ్బ పడుతుంది. కాబట్టి పోయిన బిగువును వెనక్కి తెచ్చుకోవాలి. మెర్సెన్ చెప్పిన మిగతా రెండు మార్గాలూ ఇక్కడ అవసరమయ్యాయి. అంగుళంలో వెయ్యోవంతులతో కొలిస్తే 46 ఉన్న ఆరో తీగ స్థానంలో 61 పెడితే ‘బి’ శ్రుతిలో పాత బిగువు తిరిగి వస్తుంది. గిటారు పొడవు కూడా పెరిగింది: గిబ్సన్ గిటార్లలో తీగ మోగే పొడవు సుమారు 24.75 అంగుళాలు, ఎనిమిది తీగల వాటిలో 30 దగ్గరికి పోయింది. అయోమీ శ్రుతిని దించింది తీగ సడలాలని. వీరు తీగ సడలకుండా శ్రుతిని దించడానికి వాద్యాన్నే మార్చుకున్నారు. ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ని విని, వెంటనే 2006 నాటి ‘నథింగ్’ను వింటే ఈ తేడా చెవికే తెలుస్తుంది: మొదటిదానిలో తీగ ఊగుతుంది, స్వరం అంచులు మెత్తగా ఉంటాయి, రెండోదానిలో ప్రతి దెబ్బకూ పదునైన మొదలూ, తెగిన చివరా ఉంటాయి.

నేడు గిటారు అంగట్లో గోడకు వేలాడే తీగల పొట్లాల్లో 60, 70, 80 అంకెలు వేసినవి మామూలుగా కనిపిస్తాయి. తగ్గు శ్రుతులకని వాటి మీదే అచ్చువేసి ఉంటుంది. అయోమీ మాత్రం సన్నని తీగలనే వాడాడు. 1960లలో అవి దొరకక బాంజో తీగలు కొన్నవాడు. ఇప్పుడు అతని పేరుతోనే అంత సన్నని తీగలు అమ్ముతున్నారు.